ఇరవయ్యోసారి రేవు దిగినప్పుడు

సముద్రం తమ పేటను మింగేశాక నూకరత్నం వీధి జనమంతా ఒక పాత విహార నౌకలోనే కాపురం ఉంటున్నారు. చట్టం మాత్రం వారిని ప్రయాణికులనే అంటుంది. ఓడ రేవుకు వచ్చినప్పుడల్లా ఆరు గంటల వీసా ఇస్తుంది. ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకుండా వరుసగా ఇరవై సార్లు ఓడకు తిరిగి వచ్చినవారికి నేల మీద ఉండిపోయే హక్కు దక్కుతుంది. నూకరత్నం పదేళ్లుగా ఒక్కసారీ గడువు దాటలేదు. కూతురిని కదలని నేల మీద నిద్రపుచ్చాలని ఆమె కోరిక.

ఆ రోజు విశాఖలో ఇరవయ్యోసారి దిగింది. మందులు కొని తిరిగి వస్తుంటే, పక్క గదిలో ఉండే ముసలి ఎర్నాయుడు రేవు మెట్ల మీద జారిపడ్డాడు. కాలు విరిగింది. తక్కినవాళ్లంతా ముందే గేటు దాటేశారు. గడువు ఇంకా పావుగంటే ఉంది.

"నన్నొగ్గీసి ఎల్లిపోవే అమ్మా! పదేళ్ల కష్టం నీది," అన్నాడతను.

"ఓడ ఎల్లిపోయాక నేల మీద దొరికితే నిన్ను జైల్లో ఎడతారు చిన్నాన్నా. నా మెడ పట్టుకో."

వీపున మోసుకుంటూ గేటు చేరేసరికి నాలుగు నిమిషాలు దాటింది. అధికారిణి స్క్రీను చూసి తల దించుకుంది.

"మీ లెక్క సున్నా అయిపోయిందండీ. నా చేతుల్లో ఏమీ లేదు."

వీపు మీద ఎర్నాయుడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నూకరత్నం అతన్ని ఇంకాస్త పైకి ఎగేసుకుంది.

"మళ్లీ ఓడెప్పుడొస్తాదమ్మా?"

"ఆర్నెల్లకి."

"అయితే ఆర్నెల్లకి నా లెక్క ఒకటని రాసుకుందువు గాని," అని ఓడ మెట్లెక్కింది.