రోహిణి పక్కనుంచి పోయిన రాయి

"ఇయ్యాల దాబా ఎక్కకు బాపూ. ఎవలన్న సూస్తే నా నౌకరి పోతది," అంది అక్షిత.

కుమారస్వామి వినలేదు. అప్పటికే తన పాత టెలిస్కోప్ భుజానికెత్తుకున్నాడు.

భూపాలపల్లిలో ఆయన బొగ్గుబాయి కార్మికుడు. చూపు పోయిందని మెడికల్ బోర్డుకు పెట్టుకున్నాడు. బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే ఉద్యోగం కూతురికొస్తుంది. క్వార్టర్లలో అందరూ దాన్ని నటనే అనుకున్నారు. తప్పు పట్టలేదు. పిల్ల కోసం ఎవరు చేయరు?

ఆయన గోడ తడుముకుంటూ నడిచేవాడు. ఇంట్లోనూ అదే తంతు. "ఈడ బోర్డు లేదు, ఊకో బాపూ," అని అక్షిత విసుక్కునేది. ఆయన గోడ మీంచి చెయ్యి తీసేవాడు కాదు.

బోర్డు రేపే. గ్రహశకలం మాత్రం ఇవాళే వచ్చింది. భూమికి అంత దగ్గరగా రావడం అరుదు. ఏ వేళకు ఏ చుక్క పక్కనుంచి పోతుందో ఎప్పుడో లెక్కగట్టి, కాలనీ అంతా చాటుకున్నాడు. పొద్దుగూకేసరికి దాబా నిండింది. తాకితే గురి తప్పుతుందని టెలిస్కోప్‌ను ఎవరినీ ముట్టనివ్వలేదు. తనే కన్ను ఆనించాడు.

"రోహిణి పక్కకచ్చింది. సన్నగ, తెల్లగ. ఇగో, దాటుతాంది."

పక్కింటి ఎల్లక్క ఆకాశానికి దండం పెట్టింది.

అంతలో ఒక మనిషి మెట్లెక్కి వచ్చి గుంపు వెనక నిలబడ్డాడు. అక్షిత అతన్ని గుర్తుపట్టింది. బోర్డు కేసుల మీద ఎంక్వైరీకి తిరిగే ఆఫీసు మనిషి. ఆమె గబగబా తండ్రికి ఎదురుగా వెళ్లి వద్దని చేతులు ఊపింది. వచ్చినవాడి ఫోన్ లైటు ఆమె ముఖం మీదే పడుతోంది. కుమారస్వామి తలెత్తి నేరుగా ఆమె వైపే చూశాడు. మళ్లీ వంగి కన్ను ఆనించాడు.

"మంచిగ కనవడ్తాందా అన్నా?" అని అడిగాడు ఆఫీసు మనిషి.

"సూది మొన లెక్క కనవడ్తాంది."

ఆ మనిషికి అంతకంటే అక్కర్లేదు. ఇదే మాట రేపు బోర్డులో చెబుతానని అక్షితతో మెల్లగా అని దిగిపోయాడు.

కాసేపటికి రాయి చెల్పూరు కరెంటు ప్లాంటు పొగలో కలిసిపోయిందని కుమారస్వామి చెప్పాడు. జనం ఆయన లెక్కను మెచ్చుకుంటూ ఇళ్లకు పోయారు.

అక్షితకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. సొంత తండ్రే, కళ్లెదుట నిలబడి వద్దన్నా వినకుండా, ఒక రాయి కోసం నౌకరి పోగొట్టాడు.

"అందరు ఖుషీగ పోయిండ్రా బిడ్డా?" అని అడిగాడాయన.

ఆమె టెలిస్కోప్ కిందికి దించుదామని ముందువైపుకు వెళ్లింది.

గొట్టం నోటికి నల్ల మూత బిగించే ఉంది.