ఎడమ భుజం వెనక

వ్యాను సడన్ బ్రేకు వేసేసరికి తాసిమ్ ట్రంపెట్ పెట్టె పై అరలోంచి జారి కింద పడింది.

దాని గొళ్ళెం ఎప్పుడో ఊడిపోయింది. కట్టిన తాడు కూడా ఇప్పుడు తెగింది. లోపలున్నదంతా వ్యాను నిండా దొర్లింది. రెండు ఉల్లిపాయలు, ఓ జున్ను ముక్క, ఒంటరి ఉన్ని మేజోడు, అందులో మౌత్‌పీస్. అన్నిటికీ ఆఖర్న సొట్టలు పడ్డ ట్రంపెట్.

"పెళ్ళికి వంటవాణ్ణి కూడా తీసుకెళ్తున్నామా?" అన్నాడు డోలు వాయించేవాడు.

"మేజోడులో మౌత్‌పీస్ ఏమిటయ్యా? కాలితో ఊదుతావా?"

"అందుకేనా ఇన్నాళ్ళూ మనకి వినపడంది!"

బ్యాండువాళ్ళ నోళ్ళు ఖాళీగా ఉంటే ఊరుకోవు కదా. వ్యానంతా గొల్లుమంది.

తాసిమ్ కూడా నవ్వాడు, సీట్ల కింద ఉల్లిపాయలు ఏరుకుంటూ. "చలికి ఇత్తడి పెదవిని కొరికేస్తుందన్నా. మేజోడులో వెచ్చగా ఉంటుంది."

"మౌత్‌పీస్ అంటే ఇదీ," అంటూ ముందు సీట్లోంచి జెమాయిల్ జేబులోది తీసి చూపించాడు. వియన్నా సరుకు. వెండి పూత. "ఇది వచ్చాకే నా పై స్వరం తిరిగొచ్చింది."

బ్యాండు జెమాయిల్‌ది. సుర్దులిత్సా ఊరి చుట్టుపక్కల అతనిలా పై స్వరం అందుకునేవాడు ఇంకొకడు లేడని పేరు. రెండేళ్ళ కిందట వ్యాను గోతిలో పడి పై పెదవి చీలింది. కుట్లు మానాయి కానీ స్వరం పోయింది. కిందటి వసంతంలో ఈ మౌత్‌పీస్ తెప్పించాడు. స్వరం వచ్చేసింది.

తాసిమ్ వచ్చిందీ ఆ వారంలోనే. ఏ ఊరివాడో ఎవరికీ తెలీదు.

"పెట్టుకోరా తమ్ముడూ," అన్నాడు అప్పుడు నాజిఫ్, ఇంట్లో మంచం మీంచి. "సరిగ్గా నీ వెనకే నిలబెట్టుకో."

నాజిఫ్ జెమాయిల్‌కి అన్న, ట్రంపెట్ నేర్పిన గురువు. ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. అన్న మాట తీసెయ్యలేక జెమాయిల్ ఆ మనిషిని పెట్టుకున్నాడు.

ఆ రోజే నాజిఫ్ ఇంకో మాట కూడా తీసుకున్నాడు.

"నన్ను మోసుకెళ్తుంటే శ్మశానం మలుపులో నాన్న పాట ఊదాలి. చివర్లో పై స్వరం విరక్కూడదు. విరిగిందో, శవపెట్టెలోంచి లేచి కూర్చుంటా."

"విరగదన్నా. ఒట్టు."

వ్యాను దిగాక పెళ్ళిలో జెమాయిల్ ఊదుతుంటే పెళ్ళివారి పెరడంతా ఊగిపోయింది. పై స్వరం దగ్గర అందరూ చేతులెత్తి కేకలు పెట్టారు. సరిగ్గా అప్పుడే తాసిమ్ ట్రంపెట్ జెమాయిల్ చెవికి తగిలింది.

పాట అయ్యాక పెళ్ళికూతురి తండ్రి నవ్వుతూ అడిగాడు. "ఆ సొట్టబూర ఆయన ఊదుతాడా, మోస్తాడా?"

విన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. జెమాయిల్‌కి తల కొట్టేసినట్టయింది.

"ఎందుకయ్యా జిగురులా నా భుజానికి అంటుకుంటావు? అసలే ఆ ఎడమ చెవి సగం చెవుడు!"

"అక్కడైతే నాకు ధైర్యంగా ఉంటుందన్నా."

"రేపట్నించి రాకు."

పెద్దబూర ఊదే బెర్కో లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, ఒక్క మాట..."

వద్దన్నట్టు తాసిమ్ తల ఊపాడు. బెర్కో కూర్చుండిపోయాడు.

"రానులే అన్నా," అన్నాడు తాసిమ్. "నాజిఫన్న రోజున మాత్రం కబురు చెయ్యి. ఊరికే వస్తా. నీ వెనక నిలబడతా, అంతే."

"మా అన్న శవం దగ్గర నీ సొట్టబూరా? మా పరువు తియ్యడానికా?"

తాసిమ్ పెట్టెకి తాడు రెండు ముళ్ళు వేసి కట్టుకుని మంచులో నడిచి వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో ఎవరూ అడగలేదు.

రెండు వారాలకి నాజిఫ్‌కి మాట పడిపోతూ వచ్చింది.

"తాసిమ్... ఉన్నాడా?"

పోయేవాడికి ఎందుకు చెప్పడం అనుకున్నాడు జెమాయిల్. "ఉన్నాడన్నా."

"నీ వెనకేనా?"

"వెనకే."

నాజిఫ్ మొహం తేటపడింది. ఇక భయం లేదన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. తెల్లారేసరికి పోయాడు.

శ్మశానం మలుపులో బురద చీలమండల దాకా ఉంది. పెట్టె మోస్తున్నవాళ్ళు ఆనవాయితీ ప్రకారం అక్కడ ఆగారు. ఆడవాళ్ళు ఏడుపు ఆపారు. జెమాయిల్ వియన్నా మౌత్‌పీస్‌ని చంకలో వెచ్చచేసుకుని నాన్న పాట ఎత్తుకున్నాడు.

పాట బాగానే నడిచింది. చివరికొచ్చింది. గుండె నిండా గాలి పీల్చి ఊదాడు.

గాలే వచ్చింది.

మౌత్‌పీస్ తుడిచి మళ్ళీ ఊదాడు. మళ్ళీ గాలే. మోసేవాళ్ళు బరువుకి భుజాలు మార్చుకున్నారు. ఎవరూ అతని మొహంలోకి చూడలేదు.

"ఏమైందిరా బెర్కో, ఈ మౌత్‌పీస్‌కి?"

బెర్కో ఏడుస్తున్నాడు. "దానికేం కాలేదు మాస్టారూ."

జెమాయిల్ ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి చూశాడు. అక్కడెవరూ లేరు.

తొమ్మిది నెలలుగా జనం చేతులెత్తి కేకలు పెట్టింది ఆ సొట్టబూర ఊదిన స్వరానికేనని, అన్న పెట్టె ఇంకా నలుగురి భుజాల మీద ఎదురుచూస్తుండగా, అప్పుడు తెలిసింది అతనికి.