మైకు మాస్టారి అనుమానం

భార్య ఏదో దాస్తోందని మైకు మాస్టారికి సోమవారం ఉదయం కాఫీ తాగుతుండగానే తెలిసిపోయింది.

నిన్న అంత ఆలస్యమైందేమని అడిగాడు. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వచ్చేసింది. డ్యూటీలో మనుషులు తక్కువట. చెబుతున్నంతసేపూ ఆమె చూపు కప్పు మీదే ఉంది.

ఇలాంటివి పసిగట్టడం అతని వృత్తి. కంపెనీలకు వెళ్ళి, నలుగురి ముందు నోరు పెగలని ఉద్యోగులకు మాట్లాడటం నేర్పుతాడు. రోజుకు ఆరు గంటలు మైకు పట్టుకుని నిలబడతాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. అబద్ధం చెప్పేవాడు జవాబు ముందే వండుకుని వస్తాడనీ, అందుకే తొందరపడి వడ్డించేస్తాడనీ ప్రతి బ్యాచికీ చెబుతాడు. అందరూ నవ్వుకుంటూ రాసుకుంటారు. ఈసారి అతనికి నవ్వు రాలేదు.

ఆ రోజు నుంచి సొంత ఇంట్లోనే నిఘా మొదలుపెట్టాడు.

భార్య పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఇంటిని కూడా వార్డు నడిపినట్టే నడుపుతుంది. తడి తువ్వాలు మంచం మీద పడేస్తే పదహారేళ్ళుగా క్లాసు పీకుతోంది. అలాంటిది మంగళవారం పడేస్తే ఏమీ అనలేదు. చూద్దామని బుధవారం కావాలనే పడేశాడు. ఆమె తీసి ఆరేసింది, పైగా అతని తల నిమిరి వెళ్ళింది. తప్పు చేసిన మనిషే ఇంతగా మెత్తబడుతుందని మాస్టారు తేల్చేశాడు.

గురువారం ఇంకొకటి. నెల్లాళ్ళుగా అతని గొంతు బొంగురుపోతోంది. అరిచి అరిచి వచ్చిందిలే అని అతను కొట్టిపారేస్తే, ఆవిడే తన ఆసుపత్రికి లాక్కెళ్ళి పరీక్షలు చేయించింది. ఇప్పుడు అటువైపే పని ఉంది, ఆ కాగితాలేవో నేనే తెచ్చుకుంటానంటే, మీరు రావద్దంటూ గట్టిగా అడ్డుపడింది. అంటే అక్కడ తను చూడకూడని మనిషెవరో ఉన్నాడన్నమాట.

శుక్రవారం సాయంత్రం ఆ మనిషి జాడ దొరికింది. బాల్కనీలో ఆమె ఫోన్లో మాట్లాడుతోంది. ఆరిన బట్టలు తీసే నెపంతో దగ్గరికి వెళ్ళాడు.

“ఆయనకింకా చెప్పలేదు సార్. ధైర్యం చాలడం లేదు. ఆదివారంలోపు నేనే చెప్పేస్తాను.”

అతన్ని చూడగానే ఫోన్ పెట్టేసింది. ఎవరని అడిగితే, డాక్టరుగారని ముక్తసరిగా చెప్పి లోపలికి పోయింది.

మాస్టారు తీసిన బట్టలే మళ్ళీ తీగ మీద ఆరేశాడు. ఇంట్లో ఉండేదే ఇద్దరు. ఆమె వెళ్ళిపోతే ఈ గదుల్లో తను ఎవరితో మాట్లాడాలి? వేలమందికి మాట నేర్పినవాడు భార్యను ఒక్క ప్రశ్న అడగలేకపోయాడు. అడిగితే నిజం చెప్పేస్తుందేమోనని భయం వేసింది.

శనివారం ఒక బీమా కంపెనీ గుమాస్తాలకు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడటం నేర్పుతూ మధ్యలో ఆగిపోయాడు. తెర మీద స్లైడు మారింది, నోట్లోంచి మాట రాలేదు. గొంతు బాగాలేదని సాకు చెప్పి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేశాడు.

పడగ్గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపలి నుంచి ఆమె మాటలు వినిపించాయి.

“ముందు మీరు కూర్చోండి. మీకొక విషయం చెప్పాలి. అంటే... ఎలా చెప్పాలో...”

తలుపు తోశాడు. ఫోన్ లేదు, మనిషీ లేడు. ఆమె ఒక్కతే అద్దం ముందు నిలబడి మాట్లాడుకుంటోంది.

ఆ చెప్పేది ఎవరికని నిలదీశాడు. ఆమె తడబడి మంచం అంచున కూలబడింది.

“పేషెంటుకి. రిపోర్టు బాగా రాలేదు. డాక్టరుగారు తను చెబుతానన్నారు. వద్దు, నేనే చెబుతానని మాటిచ్చాను. వారం నుంచీ నోరు రావడం లేదు.”

మాస్టారికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఆలస్యాలు, ఫోన్లు, ఆ మెత్తదనం, అన్నిటికీ కారణం దొరికింది. అనుమానించినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గంతా ఉత్సాహమైపోయింది. ఇంట్లో ఇంత ట్రైనర్ని పెట్టుకుని అద్దానికి చెబుతావేంటని కోప్పడి, కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

“నేనే ఆ పేషెంటుని. చెప్పు.”

మొదటిసారి ఆమె నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా అంటూ డొంకతిరుగుడుగా మొదలుపెట్టింది. ఆపేశాడు. అతనేమీ చిన్నపిల్లాడు కాదు, నాన్చితే కంగారు పెరుగుతుంది, అసలు సంగతి మొదటి మాటలోనే రావాలన్నాడు. రెండోసారి ఆ మొదటి మాటకే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నువ్వే ఏడిస్తే అతన్ని ఓదార్చేదెవరని గదిమాడు.

ఆమె వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. దగ్గరగా జరిగి, అతని చెయ్యి పట్టుకుని, సూటిగా కళ్ళలోకి చూసింది.

“రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. తొందరగానే బయటపడింది, వైద్యం ఉంది. కష్టంగా ఉంటుంది. రోజూ నేను పక్కనే ఉంటాను.”

మాట వణకలేదు. చెప్పాక ఇంకేమీ కలపలేదు. వింటున్న మాస్టారికే ఒళ్ళు జలదరించింది.

నూటికి నూరు మార్కులు వేశాడు. ఒక్క సవరణ మాత్రం చెప్పాడు.

“ఆ చివరి ముక్క తీసెయ్. వార్డునిండా పేషెంట్లుంటే ఒక్కడి పక్కనే రోజూ ఎలా ఉంటావు? నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదు.”

“ఉంటాను” అంది.

మొండి మనిషి, చెబితే వినదు. మాస్టారు ముచ్చటపడి నవ్వాడు. వారం రోజుల తర్వాత మనసారా వచ్చిన నవ్వు అది.

“సరే, నీ ఇష్టం. ఇంతకీ ఆయనకి ఎప్పుడు చెబుతున్నావు?”

“ఇప్పుడే చెప్పానండీ” అంది ఆమె, అతని చెయ్యి వదలకుండా.