ఇద్వల్ బండి రోడ్డెక్కింది

"ఆపండి, ఆపండి!"

ఇద్వల్ తన నాలుగు చక్రాల క్వాడ్ బైకుకు ఒక్కసారిగా బ్రేకు వేశాడు. వెనక కట్టిన దాణా బస్తా ముందుకొచ్చి ఆయన నడుముకు తగిలింది. ఎదురుగా చెయ్యెత్తి నిలబడ్డవాడు కానిస్టేబుల్ రీస్. కార్డిఫ్ నుంచి ఈ వేల్స్ కొండల్లోకి బదిలీ మీద వచ్చి వారం కాలేదు. యూనిఫాం ఇస్త్రీ ఇంకా నలగలేదు.

"నంబర్ ప్లేటేది పెద్దాయనా?"

"దీనికా? పొలంలో తిరిగే బండి బాబూ. నంబర్లు గొర్రెలకున్నాయిగా చెవులకు, చాలవూ?"

"పొలంలో తిరిగితే నాకేం పని? ఇది నలుగురూ తిరిగే రోడ్డు. హారన్ లేదు, అద్దాల్లేవు, లైటు పగిలిపోయింది. ఇంకోసారి రోడ్డు మీద కనిపిస్తే బండి తీసుకుపోతా."

 మోకాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఇద్వల్‌కు కాళ్ళంటే ఆ నాలుగు చక్రాలే. దిగువ పొలంలో గొర్రెలు నిండు చూలుతో ఉన్నాయి. అదంతా నిలువు వాలు. ఈతల వేళకు బండి అక్కడికి చేరకపోతే, ఈ ఏడు ఎన్ని పిల్లలు దక్కుతాయో దేవుడికే తెలియాలి.

బండి వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చాడు. భార్య ఎలినెడ్ టీ పోస్తూ సంగతంతా వింది.

"ఎక్కడ పట్టుకున్నాడు?"

"సగం దారిలో."

"అయ్యో! అంత దూరం వెళ్ళాకా?"

ఇద్వల్ పంతం పట్టాడంటే ఆయన్ని కదిలించడం ఎలినెడ్ వల్ల కూడా కాదు. ఆ చట్టమేదో అక్షరం పొల్లుపోకుండా పాటించి, ఆ కుర్రాడి ముందు నుంచే బండి నడుపుతానని ఒట్టు పెట్టుకున్నాడు.

మర్నాడే హారన్ తెచ్చి బిగించాడు. మొదటిసారి నొక్కగానే కుక్క వెళ్ళి గడ్డిమోపుల వెనక దూరింది, పిలిచినా రాలేదు. అద్దాలు పెట్టించాడు. ముందు లైట్లు, వెనక లైట్లు, పక్కలకు మిణుకుమిణుకుమనే లైట్లు. టైర్లు కూడా మార్చాడు. పెరట్లో గుండ్రంగా తిరుగుతూ, మలుపు మలుపుకీ లైటు వేస్తూ సాధన చేశాడు. కోళ్ళు దారిచ్చి పక్కకు తప్పుకునేవి.

ఈలోగా మేత మోసే పని ఎలినెడ్ మీద పడింది. బస్తా భుజానేసుకుని పొద్దునోసారి, సాయంత్రమోసారి. తిరిగొచ్చిన ప్రతిసారీ మొగుడి వైపు ఓ చూపు చూసేది.

బండిని పరీక్ష చేయించాలి. పరీక్ష చేసే చోటు రెండు లోయల అవతల. పరీక్ష కాని బండి రోడ్డెక్కకూడదు. కాబట్టి పొరుగు రైతు గ్విన్‌వర్ తన ట్రెయిలర్‌లో ఎక్కించుకుని తీసుకెళ్ళాడు.

"ఒరేయ్ ఇద్వల్, రోడ్డు మీద నడవడానికి పర్మిషన్ కావాలంటే, రోడ్డు మీద నడవకుండా వెళ్ళి అడగాలట్రా?"

"నువ్వు ముందుకు చూసి నడుపు."

పరీక్షాధికారి బండి చుట్టూ తిరిగాడు. "స్పీడు చూపించే మీటరేదీ?"

"నా బండి ఎంత స్పీడు పోతుందో నాకు తెలుసయ్యా."

"మీకు తెలిస్తే చాలదు, మీటరుకూ తెలియాలి."

మళ్ళీ ట్రెయిలర్. మళ్ళీ రెండు లోయలు. మీటరు పెట్టాక హారన్ చాలడం లేదన్నారు. కుక్క వచ్చి సాక్ష్యం చెప్పాలా అని ఇద్వల్ మండిపడ్డాడు. ఇంకా పెద్దది పెట్టించాడు. గ్విన్‌వర్ ట్రెయిలర్‌కు చక్రాలరిగిపోయాయి.

చివరికి ఇన్సూరెన్స్. ఫోనులో అమ్మాయి మర్యాదగా అడిగింది. "రోడ్డు మీద ఏడాదికి ఎన్ని మైళ్ళు తిరుగుతారు సార్?"

ఇద్వల్ వేళ్ళ మీద లెక్కేసి చెప్పాడు. 

"సార్, ఇంకోసారి చెప్తారా?"

మళ్ళీ చెప్పాడు. ఆ అమ్మాయి తన పై ఆఫీసరును పిలిచింది. ఆయనకూ చెప్పాడు.

నంబర్ ప్లేటు బిగించిన రోజు పొద్దున్నే ఎలినెడ్ పరుగున వచ్చింది. "తలమీద నల్లమచ్చ ఉన్న గొర్రెకు నొప్పులొస్తున్నాయి. పిల్ల కాలు అడ్డం పడ్డట్టుంది. నా వల్ల కాదు, నువ్వే రావాలి!"

ఇద్వల్ బండి తీసి గేటు దాకా వచ్చేసరికి రీస్ నిలబడి ఉన్నాడు.

"హారన్?"

ఇద్వల్ కొట్టాడు. రీస్ టోపీ సర్దుకున్నాడు.

"ఎడమ లైటు? కుడి లైటు? బ్రేకు?"

గాలిలో గొర్రె అరుపు వినిపించింది. "బాబూ, దండం పెడతా, త్వరగా కానీ!"

రీస్ ప్లేటు మీద వేలితో రాసి చూశాడు. ఇన్సూరెన్స్ కాగితం చదివి, కనుబొమలెగరేసి, మళ్ళీ చదివాడు. తర్వాత అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేశాడు. "అంతా సరిగ్గా ఉంది పెద్దాయనా. జాగ్రత్తగా వెళ్ళిరండి."

ఎలినెడ్ మొగుడి మెడకు మఫ్లర్ చుట్టింది. టీ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టింది.

"దారిలో నిద్రొస్తే పక్కకాపుకో. చేరగానే ఫోన్ చెయ్యి." అని తను ముందుగా నడిచి వెళ్ళిపోయింది.

ఇద్వల్ ఎడమకు చూసి, కుడికి చూసి, హారన్ గట్టిగా కొట్టి, తన గేటులోంచి బయలుదేరి, మూడు బారల వెడల్పున్న ఆ రోడ్డును అడ్డంగా దాటి, ఎదురుగా ఎలినెడ్ తెరిచి పట్టుకున్న తన దిగువ పొలం గేటులోకి వెళ్ళిపోయాడు.