పావుగంట ప్రార్థన

“ఈ వారం కూడా కళ్ళు మూసుకోలేదు!”

ఆదివారం ఆరాధన నుంచి ఇంట్లో అడుగుపెడుతూనే సంఘ పెద్ద అన్న మొదటి మాట అది.

“ఎవరండీ?” అంది భార్య.

“ఇంకెవరు, ఆ ఆఖరి బెంచీ ఆయన. సంఘమంతా తలలు వంచి ప్రార్థనలో ఉంటే, ఆయన గుడ్లప్పగించి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు.”

“మీరు మూసుకునే ఉంటే, ఆయన తెరిచిన సంగతి మీకెలా తెలిసింది?”

సంఘ పెద్ద మంచినీళ్ళడిగి మాట మార్చాడు.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. మందిరంలో పెద్ద ప్రార్థన ఎప్పుడూ ఆయనదే. ఎంత తగ్గించినా పావుగంట. పిల్లలు చాటుగా ‘పావుగంట తాత’ అంటారని ఆయనకు తెలుసు. పైకి విసుక్కున్నా లోపల కాస్త గర్వమే.

మందిరం ఒకప్పటి గోడౌన్. గాలి కోసం తలుపులు బార్లా తీసి ఉంచుతారు. నాలుగు మెట్లు దిగితే లారీలు తిరిగే రోడ్డు.

ఆ కొత్త మనిషి రెండు నెలలుగా వస్తున్నాడు. పాట పాడతాడు. వాక్యం శ్రద్ధగా వింటాడు. “కళ్ళు మూసుకుందాం” అనగానే మాత్రం నిటారుగా కూర్చుంటాడు. పైగా ఎవరి పిల్లలనో ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆడిస్తాడు కూడా.

“నమ్మకం లేని మనిషి. చూపున్నా గుడ్డివాడే,” అని సంఘ పెద్ద తీర్పు చెప్పేశాడు.

మరుసటి వారం మెట్ల మీదే ఆయన్ని ఆపాడు.

“చూడండి బ్రదర్, మీకు దేవుడి మీద నమ్మకం ఉందా, లేదా?”

“ఉందండీ.”

“మరి ప్రార్థనలో కళ్ళు మూసుకోరేం?”

ఆయన తల దించుకున్నాడు.

“మూసుకోలేనండీ.”

“మూసుకోలేరా, మూసుకోరా? మీ ఒక్కరి వల్ల అందరి ధ్యానం చెడుతోంది. కళ్ళు మూసుకోగలిగితేనే లోపలికి రండి.”

“అలాగేనండీ. ఇక్కడ మెట్ల కింద నిలబడనా?”

“రోడ్డు నా సొత్తా? మీ ఇష్టం.”

లోపలికి వెళ్ళిన సంఘ పెద్ద ఆ రోజు ప్రార్థన అందుకున్నాడు. అవిశ్వాసుల కళ్ళు తెరవమని ప్రభువును గట్టిగా వేడుకున్నాడు. మాటలు వాటంతటవే దొర్లుతున్నాయి. సంఘమంతా ఆమేన్, ఆమేన్ అంటోంది.

పదమూడో నిమిషంలో బయట లారీ బ్రేకులు కీచుమన్నాయి.

“పాపేదీ?” అని ఆయన కోడలు కెవ్వుమంది.

ఒళ్ళో నిద్రపోతోందనుకున్న మూడేళ్ళ కూతురు లేదు.

సంఘ పెద్ద పరుగెత్తాడు. ఆ వయసులో అలా పరుగెత్తగలనని ఆయనకే తెలియదు.

రోడ్డు మధ్యలో లారీ అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు కిందికి దిగి తల పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు పక్క మట్టిలో వెల్లకిలా పడి ఉన్నాడు ఆఖరి బెంచీ ఆయన. మనవరాలు ఆయన గుండెల మీద భద్రంగా ఉంది. ఆయన మోచేయి చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది.

“పాపకేం కాలేదమ్మా, తీసుకో,” అంటూ లేచి పిల్లను కోడలి చేతిలో పెట్టాడు.

సంఘ పెద్ద మనవరాలిని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“ప్రభువా, స్తోత్రం!”

పావుగంట తాత నోట ఆ రోజు ఆ రెండు మాటలే వచ్చాయి. తన జన్మలో అంత నిండుగా ఎప్పుడూ ప్రార్థించలేదనిపించింది ఆయనకు.

తేరుకుని చూసేసరికి ఆ మనిషి లేడు.

మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. సంఘ పెద్ద తన పెద్ద ప్రార్థన రెండు నిమిషాల్లో ముగించి, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు.

వాకబు చేస్తే, ఆయన దర్జీ కొట్టు వెనక గదిలో అద్దెకుండేవాడని తెలిసింది. ఆ సాయంత్రమే వెళ్ళాడు.

“ఖాళీ చేసి వెళ్ళిపోయారండీ,” అన్నాడు దర్జీ, మిషను తొక్కుతూనే. “ఎక్కడో హైవే పక్కన కొత్తగా మందిరం కట్టారట. తలుపు రోడ్డు మీదికేనట. అక్కడికెళ్ళారు.”

“ఒక్కసారి కాళ్ళ మీద పడి దండం పెట్టుకుందామని వచ్చాను నాయనా. నమ్మకం లేని మనిషనుకుని గెంటేశాను.”

“ఆయనకా నమ్మకం లేనిది?” దర్జీ నవ్వాడు. “నేను మీ మందిరం మెట్లెక్కిన వాణ్ణి కాదు. కానీ మధ్యలో చెక్క గోడేగా, రోజూ పొద్దున్నే ఆయన ప్రార్థన వినేవాణ్ణి. ఏదీ అడిగేవారు కాదు. మీ మందిరంలో పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, వీళ్ళని ఈ వారం కూడా కాపాడావు, నీకు స్తోత్రం, నీకు స్తోత్రం అనేవారు. మీ మనవరాలి పేరు నాకు అలాగే తెలుసు.”

సంఘ పెద్ద కొట్టు గుమ్మంలో కూర్చున్నాడు.

“మరి కళ్ళెందుకు మూసుకోలేనన్నాడు?”

దర్జీ మిషను ఆపాడు.

“ఆయనకో కూతురు ఉండేదండీ, మీ మనవరాలి ఈడుదే. ఓ ఆదివారం మందిరంలో అందరూ కళ్ళు మూసుకుని ఉండగా మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. మరి రాలేదు.”

“అయ్యో! పక్కన తండ్రి లేడా?”

“ఎలా ఉంటారండీ? ఆ మందిరం పాస్టరు ఆయనే, ఆ పెద్ద ప్రార్థన చేస్తున్నదీ ఆయనే.”