ఎలాదియో ఈల

"ఆపరేషన్ కాగితం మీద ఇంతగా నవ్వుతూ వేలిముద్ర వేసిన మనిషిని నేను చూళ్ళేదు," అంది డాక్టరమ్మ. "స్వరపేటిక మొత్తం తీసేస్తామని చెప్పారు కదా?"

మంచం మీదున్న ఎలాదియోకు స్పానిష్ రాదు. గొంతులో వచ్చింది ఎక్కడో ఒకరికి గాని రాని గడ్డ అనీ, తియ్యకపోతే ఊపిరాడక పోతావనీ భార్య హెర్మేలిందాయే అతనికి తమ కొండజనం మాట్లాడే మసతెక్ భాషలో చెప్పింది.

"చెప్పానమ్మా. మాట పోతే పోయింది, ఈల ఉందిగా అంటున్నాడు. మా కొండల్లో మగవాళ్ళు ఈలతోనే మాట్లాడుకుంటారు. బేరాలూ తగాదాలూ అన్నీ."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఇకమీదట ఊపిరి మెడకు పెట్టే రంధ్రంలోంచే పోతుంది. నోటికి గాలి రాదమ్మా. ఈల కూడా ఉండదు."

"ఏమంటోందే?" అన్నాడు ఎలాదియో బొంగురుగా. "నా అందం చూసి ముచ్చటపడుతోందా?"

దాస్తే రేపు నిశ్చింతగా కత్తి కిందికి వెళ్తాడు. చెబితే ఇప్పుడే లేచి ఇంటికి పోదామంటాడేమో. అయినా హెర్మేలిందా చెప్పేసింది.

అతను కిటికీ వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా ఈల వేశాడు. పెళ్ళికి ముందు మొక్కజొన్న చేలోంచి పిలిచినట్టే, ఆమె పేరు.

వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళకు ఈల అర్థమవుతుంది గాని, వాళ్ళు వెయ్యకూడదు. నలభై ఏళ్ళుగా ఆ పిలుపుకు ఆమె చెయ్యి ఊపి ఊరుకుంది.

ఇప్పుడు పెదవులు గుండ్రంగా చుట్టింది. వట్టి గాలి వచ్చింది.

"నాలిక వెనక్కి లాగు, మొద్దూ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"ముందు నీ పేరు నేర్పు. రేపట్నించి పిలవాల్సింది నేనేగా."