కొట్టంలో ముచ్చట

అంబదాస్ కొన్న గుర్రప్పిల్ల మూడో మనిషిని కూడా తన్నింది.

చాయ్ చల్లారేలోపే ఆ కబురు మెట్‌పల్లి అంతా తిరిగింది. మగ్గాలు అమ్ముకుని, పెళ్లి ఊరేగింపులకు తిప్పుదామని అంబదాస్ మహారాష్ట్ర జాతర నుంచి తెచ్చిన తెల్ల గుర్రం అది. మనిషి చెయ్యి పడని పిల్ల. వెనక నుంచి అదిలించిన వాణ్నీ తన్నింది, ముద్దుగా పిలిచిన వాణ్నీ తన్నింది. ఇక మిగిలింది హనుమండ్లే. ఆటోలొచ్చి తను తోలే గుర్రపు టాంగా మూలపడ్డప్పటి నుంచి ఆయనకు పనిలేదు.

"మాఘమాసం పెండ్లిళ్లకు ఇది బ్యాండు ముంగట నిలబడాలె హనుమండ్లన్నా. నిలబడితే కొట్టం పక్క అర్ర నీకూ బాలవ్వకూ. బతికినన్ని రోజులు ఉండుండ్రి. నిలబడకుంటే అమ్మేస్త," అన్నాడు అంబదాస్.

బాలవ్వ హనుమండ్లు భార్య. ఇల్లు ఖాళీ చేయమని ఇంటి ఓనరు అప్పటికే వాళ్లను పోరు పెడుతున్నాడు.

హనుమండ్లుకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా పొద్దున్నే కొట్టానికి పోయేవాడు. గుమ్మంలో నిలబడి కాలితో నేలను గట్టిగా తన్నేవాడు. గుర్రం తల తిప్పాక ఎదురుగా పోయి, అరచెయ్యి చూపించి, నానిన శనగలు పెట్టేవాడు. మెడ మీద చెయ్యేసి ఇక మాట్లాడుతూనే ఉండేవాడు. ఎవరైనా దగ్గరికొస్తే టక్కున నోరు మూసేవాడు.

జనానికి నవ్వులాట అయింది. మంత్రమేదో చదువుతున్నాడన్నారు కొందరు. ముసలాడికి మతి పోయిందన్నారు ఇంకొందరు. ఇంట్లో పెగలని నోరు అక్కడెలా పెగులుతుందని బాలవ్వకు కడుపు మండింది.

"నాతోటి రెండు మాటలు మాట్లాడవు. గా గుర్రంతోటి గంటలకొద్ది ఏం ముచ్చట పెడుతవు?"

"పని ముచ్చటే," అనేవాడు హనుమండ్లు.

గుర్రానికి చెప్పింది వేరు. కరీంనగర్ డాక్టరు ఎక్స్‌రే చూసి పెదవి విరిచాడని చెప్పాడు. ఎండాకాలం దాటడం కష్టమన్నాడని చెప్పాడు. దగ్గు మందు బాగా పనిచేస్తోందని పెళ్లానికి అబద్ధం చెప్పానన్నాడు.

"నాకు భయమైతుంది బిడ్డా. నేను పోతే బాలవ్వకు తలదాచుకునే జాగ ఉండాలె. జర నిలబడు."

గుర్రం అతని భుజం మీద గడ్డం ఆనించేది. దాని జూలులో ముఖం దాచుకుని హనుమండ్లు కరువుదీరా ఏడ్చేవాడు. పుష్యమాసానికల్లా అది జీను వేయించుకుంది, మనిషిని ఎక్కించుకుంది.

మాఘం వచ్చింది. మొదటి పెళ్లి ఎదురుకోళ్లలో బ్యాండు వాళ్లు చెవులు పగిలేట్టు వాయించారు. వెనకే పటాకుల లడీ పేలింది. గుర్రం మీదున్న పెళ్లికొడుకు ఉలిక్కిపడ్డాడు. పక్కచూపు పడకుండా కళ్లకు రెండు పక్కలా తోలు కట్టిన గుర్రం మాత్రం ఎదురుగా ఉన్న హనుమండ్లునే చూస్తూ నిలబడింది.

అంబదాస్ సంబరం అంతా ఇంతా కాదు. కొట్టం పక్క గది తాళంచెవి బాలవ్వ చేతిలో పెట్టాడు. ఇంకో పిల్లను కొంటానని, ఆ మాటలేవో దాని చెవిలో కూడా వేయమని హనుమండ్లును బతిమాలాడు.

"గా మాటలు దీనికొక్కదానికే," అన్నాడు హనుమండ్లు అలసటగా.

మొదటి రోజే చెవి పక్కన రేకు డబ్బా బాది చూసి, దానికి పుట్టుచెవుడని రూఢి చేసుకున్నాకే హనుమండ్లు దాని ముందు నోరు విప్పాడు.